మూడు రాళ్ల పొయ్యి పేరు ఎవరికి చెందాలి

2011 అక్టోబరు 12, బుధవారం మధ్యాహ్నం, ప్రత్యేక రాష్ట్రం కోసం భూపాలపల్లి గని కార్మికులు చేస్తున్న సమ్మె శిబిరంలో పాట నడుస్తుండగా చత్రు తన గిటార్‌ను తోటి వాద్యకారుడు సంజీవ భుజానికి తగిలించి, వేదికగా నిలిపిన ట్రాక్టర్ ట్రాలీ దిగి వెళ్లిపోయాడు. ఆనాటి నుంచి 'మూడు రాళ్ల పొయ్యి' అనే మా రాక్ సంగీత బృందం ఒకే పేరుతో రెండు బృందాలుగా నడుస్తున్నది. ఆ పేరు ప్రభుత్వ రికార్డులో నా ఒక్కడి పేరున ఉంది. నేను పోతే అది ఎవరిదన్న ప్రశ్న వస్తుంది కాబట్టి ఈ వీలునామా రాస్తున్నాను.

నేను, బొల్లం ఉపేందర్, తండ్రి కీర్తిశేషులు రాజయ్య, వయసు యాభై ఏడు, వృత్తి పత్రికా విలేకరి, నివాసం జనగామ, వరంగల్ జిల్లా. నా గుండె కవాటం చెడిపోయింది, బుద్ధి చెడిపోలేదు. రెండింటికీ డాక్టరు సంతకం జత చేశాను. ఎవరి ఒత్తిడీ, ఎవరి బోధనా లేకుండా, నా ఇష్టపూర్వకంగా రాసిన ఆఖరి వీలునామా ఇది. ఇంతకు ముందు రాసినది ఏదైనా బయటపడితే అది చెల్లదు.

1. నా స్వార్జితమైన జనగామ ఇల్లు, బ్యాంకులో ఉన్న సొమ్ము నా అనంతరం నా భార్య శారదకు సర్వహక్కులతో చెందుతాయి. నా బాస్ గిటార్ మోతకే వెనక గోడ పగిలిందని ఆమె ఇరవై ఏళ్లుగా అంటున్నది. గోడ పగిలిన మాట నిజం. కారణం ఇంకా తేలలేదు. ఆమె ఆ గోడ కూలగొట్టి కట్టించుకోవచ్చు.

2. నా కూతురు అనిత తొర్రూరులో పంతులమ్మ. నా టేప్ రికార్డరు, బృందం వాయించిన క్యాసెట్లు ఆమెకు చెందుతాయి. వాటిలో దగ్గులు, పోలీసు సైరన్లు, గంటె చప్పుళ్లు ఉన్నాయి. వేటినీ తీసేయకూడదు. ఈ వీలునామా అమలు బాధ్యత ఆమెకూ, మా డ్రమ్మర్ పౌలుకూ కలిపి అప్పగిస్తున్నాను.

3. పౌలు భూపాలపల్లి గనిలో కార్మికుడు, చర్చిలో డ్రమ్ములు నేర్చినవాడు, బృందం మొదలుపెట్టిన ముగ్గురిలో ఒకడు. మిగిలిన ఇద్దరం నేను, చత్రు. బృందం రెండైన తర్వాత ఎవరు పిలిస్తే వారికి వాయించాడు. ఇదేమిటని రెండు వైపులా నిలదీస్తే, "డ్రమ్ముకు పేరెందుకే అన్నా, కొడితే మోగుతది" అన్నాడు. అతనికి నా రెయిన్‌కోటు. ఊరేగింపుల్లో నాలుగేళ్లు అతని కన్ను దానిమీదే ఉంది.

4. 2010 మార్చిలో జనగామ సభలో "గిది మన సంస్కృతి గాదు, ఇంగ్లీషు బాజ" అని మా మైకు వైరు కోయించిన నాయకుడికి నా ఆస్తిలో ఏమీ రాదు. ఆయన అడగడని తెలుసు. రికార్డులో ఉండాలని రాస్తున్నాను.

5. ఇక పేరు సంగతి. అమలుకర్తలు ఈ క్లాజు మొత్తం చదివిన తర్వాతే నిర్ణయానికి రావాలి.

(అ) 2010 జనవరిలో రఘునాథపల్లి దగ్గర హైవే మీద వంటావార్పు జరిగింది. రోడ్డును ఆపి, రోడ్డు మీదే వండుకుని తినే నిరసన అది. కాజీపేట రైల్వే క్వార్టర్లలో బాస్ నేర్చిన నేను, మానుకోటలో కరెంటు పని చేసే చత్రు, పౌలు ఒక జనరేటరు పెట్టుకుని వాయించాం. కట్టెలు పచ్చివి, బియ్యం ఉడకలేదు. జనం లేచిపోతారని పాట ఆపలేదు. చత్రు వేళ్లు చిట్లాయి. ముందు వరుసలో డిగ్రీ చదివే సంజీవ ఉన్నాడు. చత్రు అతన్ని ట్రాలీ మీదికి లాగి, చప్పుడు తెగకుండా గిటార్ అతని భుజానికి వేసి, మొదటి కుండ దిగాక వెళ్లి తిని, చేయి కడుక్కుని వచ్చి మళ్లీ తీసుకున్నాడు. అన్నం కుండలు చూపించి చత్రు తల్లి సోమ్లీ అన్న మాటే మా పేరైంది: "మీరు ముగ్గురు ఉంటెనే పొయ్యి, ఒక్కడు జరిగినా కుండ పడ్తది."

(ఆ) అప్పటి నుంచి అదే మా పద్ధతి. అందరికీ వడ్డన అయ్యేదాకా పాట ఆగదు. అలసినవాడు వాయిద్యం మరొకరి భుజానికి వేసి దిగుతాడు. దిగినవాడి వైపు ఎవరూ చూడరు, ఎక్కడికని అడగరు; చూస్తే తాళం తప్పుతుంది. ఇట్లా ఇరవై మందికి పైగా వచ్చారు, పోయారు. కొందరు తిని తిరిగి వచ్చారు. కొందరు ఉద్యోగానికో పెళ్లికో పోయి రాలేదు. రెండు రకాల దిగడానికీ చేసే పని ఒక్కటే. తేడా చెప్పే గుర్తు మేము పెట్టుకోలేదు.

(ఇ) సమ్మె నాడు పొద్దున చత్రు తన తల్లి కట్టిన లంబాడీ చరణం పాటలో కలపాలన్నాడు. "తండా మాట గీడ ఎవనికి సమజైతదన్నా" అని సంజీవ నవ్వాడు. చత్రు మధ్యాహ్నం దిగిపోయాడు. తినడానికి పోయాడనుకున్నాం. వడ్డన అయినా కనబడకపోతే తండాకు పోయాడనుకున్నాం. నాతో సహా ఎవరూ పిలవలేదు. చత్రు అక్కడే గని క్వార్టర్లలో ఉండే అక్క నీలి ఇంట్లో ఉండిపోయి, అదే పేరుతో వేరే బృందం కట్టాడు.

(ఈ) 2012లో మానుకోట సభలో పేరు పిలవగానే రెండు బృందాలూ స్టేజీ ఎక్కాయి. నువ్వే వదిలిపెట్టి పోయినవని సంజీవ అన్నాడు. చత్రు అన్నది ఒక్కటే: "యాడ వోయినవు చత్రూ అని ఒక్కడన్న అడిగిండా?" ఆ రోజు ఎవరూ వాయించలేదు.

(ఉ) ఇరుపక్షాల మాటా విన్నాను కాబట్టి మూడో మనిషిని అడగడం నా వృత్తి. పోయిన నెల భూపాలపల్లి వెళ్లి, శిబిరం వెనక చాయ్ బండి నడిపిన పుష్పమ్మను కలిశాను. ఆమెకు ఏ బృందంతోనూ సంబంధం లేదు. గిటార్ లేని గిటార్ పిలగాడు తన బల్ల మీద కూర్చున్నాడని, జనం తిని, విస్తర్లు ఎత్తి, గంగాళాలు తోమేదాకా కదలలేదని చెప్పింది. పోయి తినరాదు బిడ్డా అంటే అతను, "పిలుస్తరవ్వా" అన్నాడట. చీకటి పడ్డాక లేచి పోయాడట.

(ఊ) పై వాస్తవాలను బట్టి, చత్రు ఆ రోజు బృందాన్ని విడిచిపెట్టలేదని నేను తేల్చుతున్నాను. విడిచినవాడు బల్ల మీద కూర్చోడు. కాబట్టి 'మూడు రాళ్ల పొయ్యి' అనే పేరు, దానిపై నాకున్న సర్వహక్కులు నా అనంతరం చత్రుకు చెందుతాయి. సంజీవ ఉన్న జనగామ బృందం ఆ పేరు వాడాలంటే అతని అనుమతి కావాలి. అతను ఇవ్వకపోతే అది అతని హక్కు. తప్పు పట్టరాదు.

6. నా బాస్ గిటార్, రెండు స్పీకర్లు సంజీవకు చెందుతాయి. పేరు అతనికి ఇవ్వనందుకు ఇది పరిహారం కాదు. ఆ చరణం మాటకు నవ్విన అతనే తర్వాత రెండేళ్లు బృందాన్ని ఒంటిచేత్తో నిలబెట్టాడు. లాఠీచార్జిలో మణికట్టు విరిగినా మర్నాడు వాయించాడు. ఇది కూడా వాస్తవమే.

7. సంజీవ దగ్గర ఉన్న పాత గిటార్ గురించి ఈ వీలునామాలో ఏమీ రాయడం లేదు. అది నాది కాదు, సంజీవదీ కాదు.

8. ఐదు, ఆరు, ఏడు క్లాజులు నిన్న సంజీవను పిలిచి చదివి వినిపించాను. నువ్వు పోయినంక చత్రుకు ఇవన్నీ చెప్తె ఏం లాభమన్నా అన్నాడు. తర్వాత, "నేనే పోత. గిటార్ గూడ పట్కపోత" అన్నాడు.

రేపు ఆదివారం మొదటి బస్సుకు సంజీవ భూపాలపల్లి పోతాడు. జూన్ 2న కొత్త రాష్ట్రం ఏర్పడే రోజు జనగామ చౌరస్తాలో జరిగే కార్యక్రమానికి రమ్మని చత్రును నోటితో పిలుస్తాడు. సోమవారం ఉదయం ఎనిమిది గంటలకు హైదరాబాద్ దవాఖానలో నన్ను ఆపరేషనుకు తీసుకుంటారు. చత్రు ఏమన్నాడో సంజీవ ఆ లోపే నాకు ఫోన్ చేసి చెప్పాలి. తిట్టినా సరే, మెత్తబరచకుండా, అన్నది అన్నట్టే చెప్పాలి.

జనగామ, 2014 మే 24, శనివారం.

(సంతకం) బొల్లం ఉపేందర్

మా ఎదుట ఉపేందర్ సంతకం చేయగా చూసి, ఆయన ఎదుట మేము సంతకాలు చేసినాము:
1. గుండెబోయిన హరీష్, మందుల దుకాణం, జనగామ
2. తాటికొండ ఉప్పలమ్మ, విశ్రాంత నర్సు, జనగామ