మోకాలెత్తు గోడ

శుక్రవారం రాత్రి, సిద్దిపేట

మా బీడీ బస్తీ కోసం నేను ప్లాన్ గీసిన స్కేట్‌పార్కుకు గోడ ఎంత ఎత్తుండాలో ఈ సాయంత్రం తేలిపోయింది. ఆడపిల్లలను పంపాలంటే నిలువెత్తు గోడ ఉండాల్సిందేనని తల్లులు పట్టుబట్టారు. ఇంజనీరు కూడా వాళ్ళ పక్షమే. నేను వాదించలేదు. గోడ వచ్చేచోట గుంజలు పాతించి, అంత ఎత్తున టార్పాలిన్ కట్టించాను. తల్లులను బయట కూర్చోబెట్టి, లక్ష్మి కూతురు అనితకు స్కేట్‌బోర్డు ఇచ్చి లోపలికి పంపాను.

చక్రాల చప్పుడు వినిపించింది. ఆ వెంటనే ధబ్బుమంది.

లక్ష్మి బీడీల చాట పక్కన పెట్టి లేచింది. "ఏమైందే?"

"ఏం కాలే అవ్వా!" లోపలి నుంచే తల్లికి చెప్పింది అనిత.

"నువ్వట్లనే అంటవ్. ఓ సారూ, గా పరదా తియ్యుండ్రి ముందుగాల! పిల్ల పడ్డదో, ఎవడన్న నూకిండో గీడికెల్లి ఎట్ల ఎర్కైతది?"

టార్పాలిన్‌ను మోకాలి ఎత్తుకు దింపించాను. గోడ బదులు అంతే ఎత్తున అరుగు కడితే, దాని మీద కూర్చుని బీడీలు చుట్టుకోవచ్చని చెప్పాను.

"మొగ పోరగాండ్లు సూస్తరు గద?" అంది ఒకామె.

"సూడనీ. మనం గూడ వాండ్లనే సూస్తం" అంది లక్ష్మి. అందరూ నవ్వారు.

అనిత మళ్ళీ పడింది. ఈసారి ఎవరూ లేవలేదు. బీడీలు చుట్టే చేతులు ఆగలేదు.

రేపు ఇంజనీరు కాదనవచ్చు. ఈ తల్లులనే వెంట తీసుకెళ్తాను.

ఇంటికొచ్చి ప్లాన్ మార్చాను. నా ప్లాన్ ఏదైనా మొదట నా భార్య విమలే చూసేది, ఏదో ఒక తప్పు పట్టేది. ఆమె పోయాక గీసిన మొదటి ప్లాన్ ఇది. రెండుసార్లు చూసుకున్నాను. తప్పేమీ లేదు. అయినా ఇంకా చుట్టకుండా బల్ల మీదే పరిచి ఉంచాను.