తాత కుర్చీలోంచి లేవలేకపోయాడు

మంగళవారం, రాత్రి

తాత కాళ్లను పాడుచేసింది షుగరొక్కటే కాదు, నేనూ అమ్మా. పాదాలకు పుండ్లు పడతాయని రెండేళ్లుగా ఆయన్ను పొలం గట్టెక్కనివ్వలేదు. మంచినీళ్లు కూడా కుర్చీ దగ్గరికే అందించాం.

సాయంత్రం ఆసుపత్రిలో ఇచ్చిన షుగరు కరపత్రంలో చదివి, కాళ్ల బలం చూద్దామని చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవమన్నాను.

"ఏందిరా, ఈ వయసులో గుంజీలు తీయిస్తా ఉండావా?" అని నవ్వాడు. మూడుసార్లు ప్రయత్నించాడు. లేవలేకపోయాడు. నవ్వు ఆగిపోయింది. "కాళ్లల్లో బలం ఎప్పుడు పోయిందిరా?" అన్నాడు.

ఇకనైనా తాతను నడవనివ్వమని నేను అమ్మ మీద అరిచాను. "రేపు పడితే నువ్వొచ్చి లేపతావా?" అంది. నాకూ అదే భయం. పక్క గదిలో మంచం కిర్రుమన్నప్పుడల్లా రాయడం ఆపి వింటున్నాను.

పొద్దున టిఫినయ్యాక, ఎనిమిదింటికి ముగ్గురం వసారాలో కలవాలి. కుర్చీని గోడకానించి, మేమిద్దరం చెరోపక్కా నిలబడాలి. తాత తనంతట తానే లేవాలి, మేం చెయ్యి మాత్రం వెయ్యకూడదు.