అక్కా, కణాలు పెరిగాయి

తార్నాక, 27-9-2011

వజ్రక్కకు స్వరూప నమస్కారం. నేను క్షేమంగానే ఉన్నాను. టీవీలో లాఠీచార్జి చూసి బెంగపడకు.

ప్రత్యేక రాష్ట్రం కోసం సాగుతున్న సమ్మెతో బస్సుల్లేక నిన్న ల్యాబుకు నడిచి వెళ్లాను. నిరసనగా ఆడవాళ్లు రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. ఒక పెద్దమ్మ గరిటె అడ్డం పెట్టి ఆపింది.

"సమ్మె నడుస్తుంటె కొలువుకు పోతున్నవా బిడ్డా?"

"గాజు గిన్నెల గర్భసంచి మూలకణాలు పెంచుతున్న అమ్మా. లోపలి పొర పాడై కడుపు నిలవని ఆడోళ్ల కోసం. దినాం తిండి పెట్టకుంటె సచ్చిపోతయ్."

ఆమె గరిటె దించింది. "పసిదానికి పాలు పట్టినట్టె గదా! పోయిరా. మళ్లొచ్చి గీడ అన్నం తిను."

మైక్రోస్కోపులో చూస్తే, ఎనిమిది నెలలుగా నాలుగు రోజులకే చచ్చిపోతున్న కణాలు ఈసారి గిన్నె అంచుదాకా పరుచుకుని ఉన్నాయి! ఒక్కదాన్నే పకపకా నవ్వాను. తిరిగొస్తే పెద్దమ్మ "పెరిగినయా?" అని అడిగింది. పెరిగాయనగానే ఇంకో గరిటె పప్పు వేసింది.

ఇది వైద్యంగా మారడానికి ఏళ్లు పడుతుంది. మూడుసార్లు కడుపు పోయిన నీకు అందుతుందని మాట ఇవ్వలేను. కానీ నువ్వు బీడీలు చుట్టి చదివించిన చదువు వృథా కాలేదక్కా.

బావ మస్కట్ నుంచి ఎప్పుడొస్తాడు? పసుపు చేనులో కలుపు తీశారా? బస్సులు మొదలైతే ఎవరితోనైనా నువ్వుల పొడి పంపు. అమ్మకు నా దండాలు.

ఫోన్లో చెబితే నీ ఒక్కదానికే వినపడుతుందని కార్డు రాశాను. కోడలి శ్రీమంతానికి నిన్ను పిలవని ఎదురింటి వాళ్లకు నువ్వే గట్టిగా చదివి వినిపించు.

నీ చెల్లెలు
స్వరూప