గుప్పెడు మురికి

వదినా,

ఈ చీటీ అన్నయ్య కంటపడనివ్వకు.

మీ చేపల తొట్టి అడుగున మురికి చూసి, మొన్న భోజనాల దగ్గర అందరి ముందూ ముక్కు మూసుకున్నాను కదా. "పైపైన పేరుకున్నదే పైపుతో లాగేస్తాను, మొక్కల వేళ్ళ దగ్గర కెలకను" అని నువ్వంటే, బద్ధకానికి భలే పేరు పెట్టావన్నాను. ఆడపడుచు అర్ధమొగుడంటారు, నేనైతే పూర్తి మొగుణ్ణే అయిపోయాను.

ఇంటికొచ్చి, నీకు చూపించాలనే పంతంతో మా తొట్టిలో మొక్కలన్నీ పీకి, గులకరాళ్ళని బియ్యం కడిగినట్టు తేటనీళ్ళు వచ్చేదాకా కడిగాను. మళ్ళీ నాటాను. ఇప్పుడు ఆకులు కుళ్ళి ఊడిపోతున్నాయి. చేపలు పైకి తేలి నోళ్ళు తెరుస్తున్నాయి. రెండు పోయాయి కూడా. నీళ్ళని బాగుచేసే సూక్ష్మజీవులు ఉండేది ఆ అడుగు మురికిలోనేనట. నువ్వు ఆ రోజే చెప్పబోయావు, నేను చెప్పనిస్తేగా!

మీ తొట్టిలోంచి గుప్పెడు మురికి రాళ్ళు కావాలి. డబ్బాలో పోసి, గుడ్డ కప్పి, ఎవరూ చూడకుండా గుమ్మం పక్కన పెడతావా?

వద్దులే. ఆదివారం అందరూ భోజనాలకి కూర్చున్నప్పుడే వస్తాను. ఆ రోజు ముక్కు మూసుకున్న చేత్తోనే పట్టుకెళ్తాను.

ఈ చీటీ అన్నయ్యకీ చూపించు.

నీ ఆడపడుచు