కల్వర్టు అవతల పెట్టిన గిన్నె

ఓ సునీత బాపూ,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. నీకు పెట్టాలని, పది రోజుల కిందటే ఉప్పు, పసుపు పట్టించి పొయ్యి పైన దండెం మీద ఆరేసిన పందికూర తునకలు పొద్దున్నే దింపాను. ఇంతలో నీ తమ్ముడొచ్చాడు.

"వదినె, తెలంగాణ కోసం కోరుట్ల రోడ్డు మీద వంటావార్పు. ఊరంత గాడనే తినుడు. ఇంటికో కూర తెమ్మంటున్నరు. అన్న డప్పు గూడ అడుగుతున్నరు."

నువ్వుంటే అందరికంటే ముందు పోయేవాడివి. అందుకే నీకని దింపిన ఆ కూరే పట్టుకెళ్దామనుకున్నాను. తునకల్ని రెండుసార్లు వేడినీళ్లలో నానేసి పిండితేగాని ఉప్పు దిగదని ఎన్నిసార్లు చెప్పావో! తొందరలో ఒక్కసారే కడిగి, అల్లం, కారం వేసి వండేశాను. దారి పొడుగునా అదే బెంగ.

మీటింగుల్లో నీ భుజం మీద చెయ్యేసి తిరిగిన పెద్దమనిషే గిన్నె మూత తీశాడు.

"ఏం కూర, చెల్లె?"

"పందికూర. ఆయనకు ఇష్టం."

మూత పెట్టేశాడు. "జర గా కల్వర్టు అవుతల పెట్టుకోరాదు చెల్లె. గిది అందరు తినే జాగ."

నీ డప్పును మాత్రం నడిరోడ్డు మీద, మటన్ ఉడికే గంజు పక్కనే నీ తమ్ముడితో కొట్టించాడు.

పొద్దుగూకేదాకా ఆ గిన్నె పక్కనే కూర్చున్నాను. ఉప్పెక్కువైందని ఎవరైనా అంటే ఏం చెప్పాలా అని మాటలు వెతుక్కుంటూనే ఉన్నాను. వంక పెట్టడానికైనా ఒక్కరూ నోట్లో పెట్టుకోలేదు.