ఇంట కారం, రచ్చ పెరుగు

శంషాబాద్

పెద్దబాపుకు సంతోషి దండాలు.

నీకు ఫోన్లో సరిగ్గా వినబడదు, నాకు ఊరికి రావడానికి తీరదు. అందుకే ఉత్తరం రాస్తున్నాను. మా క్యాబ్ డ్రైవర్ల సంఘం అధ్యక్ష పదవికి నిలబడుతున్నాను. ముందు ఒక్కో స్టాండు తన అభ్యర్థిని ఎంచుకుంటుంది. ఆ తర్వాత ఆరాంఘర్ స్టాండులో మీటింగు పెట్టి, అన్ని స్టాండ్ల వాళ్లూ కలిసి ఓటేస్తారు. మన శంషాబాద్ వాళ్లేమో "ఎయిర్‌పోర్టుకు భూములిచ్చింది మనం, గిరాకీ ముందు మనకే కావాలె" అంటున్నారు. అదే మాట ఆరాంఘర్ వాళ్ల చెవిన పడితే నాకు ఒక్క ఓటు రాలుతుందా? సర్పంచిగా చేసినవాడివి, దారి చెప్పు.

ఇట్లు,
నీ బిడ్డ సంతోషి

తా.క.: మన స్టాండు మీటింగుకూ, ఆరాంఘర్ మీటింగుకూ భోజనాలు నావే. ఏం వండించాలో కూడా రాయి.

---

చిరంజీవి సంతోషికి పెద్దబాపు కుర్మయ్య దీవెనలు.

బిడ్డా, ఇంట గెలిచి రచ్చ గెలవాలె. మనవాళ్ల దగ్గర కారం దండిగ ఉండాలె, నషాళానికి అంటాలె. ఆరాంఘర్‌ల మాత్రం చల్లగ పెరుగు పొయ్యి. రెండూ ఒక్కకాడ కలిపినవంటే రెండూ చెడుతయి. గింతే రాజకీయం.

ఉంట మరి,
కుర్మయ్య

తా.క.: నేను గిట్లనే సర్పంచినైన. రెండోసారి ఎందుకు కాలేదని అడగకు.

---

పెద్దబాపుకు సంతోషి వెయ్యి దండాలు.

నీ సలహా అమృతం! కారం దగ్గరుండి దంచించాను. మావాళ్లు మొదట కొంచెం గొణిగినా, చివరికి స్టాండు మొత్తం నన్నే ఎంచుకుంది. మా స్టాండు పెద్ద రాములన్నకైతే ముక్కూ కళ్లూ ఏకధారగా కారాయి. "గిసొంటి కారం నా జన్మల చూడలే" అన్నాడు. ఇక పెరుగు పని చూడాలి.

నీ సంతోషి

తా.క.: కొందరికి కడుపులో మంట ఇంకా తగ్గలేదు.

---

బిడ్డకు దీవెనలు.

శభాష్! ఆ కడుపుమంటే నీ బలం, ఆర్పకు. ఆరాంఘర్‌ల మాత్రం కారం ఊసెత్తకు. ఎవడన్నా అడిగితే, "కారమా? నాకు తెల్వదు" అను.

నీ పెద్దబాపు

తా.క.: బుద్వేల్ అభ్యర్థి రాజయ్య కూడా సలహాకు వచ్చిండు. ఇంటికొచ్చినోణ్ణి కాదంటే బాగుండదు గద, నీకు చెప్పిందే చెప్పిన. పరేషాన్ కాకు.

---

పెద్దబాపూ, గెలిచాను!

ఆరాంఘర్ మీటింగులో అక్కడి స్టాండు పెద్ద మక్సూద్ భాయ్ లేచాడు. "రాజయ్యన్నా, బుద్వేల్‌ల గిరాకీ మాకే అన్నవట. ఈడికొచ్చి అందరిదీ అంటున్నవ్. ఏది సచ్?" అన్నాడు. రాజయ్య మైకు కింద పెట్టి కూర్చున్నాడు. "మరి సంతోషక్క వాళ్ల స్టాండుల ఏం చెప్పింది?" అని మక్సూద్ భాయ్ అడిగాడు.

రాములన్న లేచాడు. "గీడ చెప్పిందే మాకూ చెప్పింది. మనం గిరాకీని దింపినకాడ అక్కడోళ్లు మనల్ని నిలవనియ్యరు. వాళ్లొస్తే మనం నిలవనియ్యం. అందరం ఖాళీ బండ్లతోనే వాపస్ వస్తున్నం. అన్ని స్టాండ్లల్ల ఒకటే లైను పెట్టాలె, ముందొచ్చినోళ్లకే గిరాకీ అన్నది. మస్తు తిట్టినం. ఇంటికి పోయి ఆలోచిస్తే నిజమేనాయె!"

బుద్వేల్ వాళ్లు కూడా నాకే ఓటేశారు. నన్ను నా బండి బానెట్ మీదికెక్కించి డప్పులు మోగించారు. నెత్తిమీదుగా విమానం పోతుంటే దానికీ చెయ్యి ఊపాను. ఈరోజు మన స్టాండు లైనులో మక్సూద్ భాయ్ బండి నాకంటే ముందుంది. మంచి గిరాకీ ఆయనకే పోయింది. జర మండింది గానీ, హారన్ కొట్టి సాగనంపాను.

ఇట్లు,
అధ్యక్షురాలు సంతోషి

తా.క.: ఏం మాట్లాడాలో చెప్పమంటే, నువ్వు రెండు ఉత్తరాల్లోనూ వంటల గురించే రాశావేంది? ఇంకేం తోచక, రెండు చోట్లా ఉన్నమాటే చెప్పాను. పెరుగన్నం మాత్రం మక్సూద్ భాయ్ మళ్లీ మళ్లీ అడిగి వేయించుకున్నాడు.