అచ్చమ్మ పక్కన ఎవరో ఒకరు ఉండాలి

మార్చి 4
కోడలికి కాన్పై ఇరవై రోజులు. అసలు పేరు అచియెంగ్, కెన్యా పేరు. నా నోరు తిరగక అచ్చమ్మ అన్నాను, పలుకుతుంది. మిరియాల చారు అన్నం పెట్టాను. రెండు ముద్దలు తింది. పాప ఏడుస్తోంది. తను గోడకేసి చూస్తోంది.

మార్చి 5
ఈరోజూ తల దువ్వుకోలేదు.

మార్చి 7
బట్టలు ఆరేసి వచ్చేసరికి పాప ఏడ్చి ఏడ్చి ఎర్రబడిపోయింది. అచ్చమ్మ పక్కనే ఉంది, చేయి చాపలేదు. నోరు జారాను. "ఏటమ్మా, బిడ్డ ఏడుస్తంటే ఇనపడదా? తల్లివి కాదా నువ్వు?" తెలుగు కదా, అర్థం కాదనుకున్నాను. తల్లి అనే మాట తనకు తెలుసు.

మార్చి 8
పక్కింటి మునియమ్మ దిష్టి అంది. ఉప్పు, మిరపకాయలు తిప్పి పొయ్యిలో వేశాం. ఘాటు రాలేదు, దిష్టి గట్టిదే అంది. నాకు మాత్రం అచ్చమ్మ పాప వైపు చూడకపోవడమే కనిపించింది.

మార్చి 10
కెన్యా నుంచి వాళ్లమ్మ ఫోను. అచ్చమ్మ నవ్వింది, పాపను ఎత్తి చూపించింది. ఫోను పెట్టగానే పాపను నా ఒళ్లో పడుకోబెట్టేసింది. మా ఇద్దరికీ వచ్చిన ఇక్కడి మలాయి భాషలో చెప్పింది — అక్కడైతే పిన్నులు, అక్కలు ఇల్లంతా ఉండేవారట. ఒకరు వండితే ఒకరు బిడ్డకు నీళ్లు పోసేవారట. ఈ బంటింగ్ ఊళ్లో నువ్వొక్కదానివే అంది.
"అమ్మకు చెప్పలేను అత్తా. మా ఆడవాళ్లకు ఇలాంటివి రావంటుంది. ప్రార్థన చేసుకో అంటుంది."
ఇలాంటివి అంటే ఏమిటని అడగలేదు. భయమేసింది.

మార్చి 11
మా అబ్బాయి గోపి ఫ్యాక్టరీకి వెళ్లాక వంటింట్లోకి వచ్చింది. "అత్తా, నన్ను పాపతో ఒంటరిగా వదలకు." తలలోకి చెడ్డ ఊహలు వస్తున్నాయట. వద్దన్నా వస్తున్నాయట. తను లేకపోతేనే పాపకు మేలట.
పొయ్యి కట్టేసి పక్కనే కూర్చున్నాను, వాడు వచ్చేవరకు.
సాయంత్రం వాడికి చెప్పాను. "అలసటలే అమ్మా. పడుకుంటే సరిపోద్ది." వాడి మొహంలోనూ భయమే.
"రేపు క్లినిక్కి తీసుకెల్తన్నాను. నువ్వు సెలవెట్టు."
అప్పుడే ఫోను చేసి సెలవు పెట్టాడు.

మార్చి 12
డాక్టరమ్మ ప్రశ్న మీద ప్రశ్న. చనిపోవాలనిపిస్తోందా అని అడిగినప్పుడు బయటికి పోదామని లేచాను. అచ్చమ్మ నా చేయి పట్టుకుంది. "అప్పుడప్పుడు," అంది. గోపి నేలకేసి చూశాడు.
ఇది జబ్బేనట, తల్లి ప్రేమ లేకపోవడం కాదట. మందు పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది... అంతవరకు పక్కన ఎవరో ఒకరు ఉండాలి.

మార్చి 13
ముప్పై ఏళ్లుగా ఎవరికీ చెప్పనిది ఈరోజు అచ్చమ్మకు చెప్పాను. సుంగై సుమున్ ఎస్టేటులో, గోపి పసిగుడ్డు. వాణ్ని ఉయ్యాలలో వదిలి పామాయిల్ చెట్లలోకి నడిచి వెళ్లిపోయాను. తిరిగి రావాలనిపించలేదు. మా అత్త వెతికి తీసుకొచ్చింది. "సిగ్గునేదేటే నీకు?" అంతే. ఇంకెవరూ ఏమీ అడగలేదు.
అచ్చమ్మ నా దగ్గరికి జరిగింది. "మరి ఎలా తగ్గింది?"
నాకే గుర్తులేదు.

మార్చి 16
మాత్ర వేసుకుంటోంది. తేడా లేదు. అన్నం సగం తింది.

మార్చి 19
పాపకు తనే నీళ్లు పోస్తానంది. మొదటిసారి. పక్కన పీట వేసుకున్నాను.
"బయట ఉండు అత్తా. నువ్వలా చూస్తుంటే చేతులు వణుకుతున్నాయి."
సంతోషించాలో, భయపడాలో... లోపలే ఉంటే నమ్మలేదనుకుంటుంది. బయట ఉంటే —
తలుపు సగం తీసి ఉంచమన్నాను. ఉంచింది. గుమ్మం పక్కన కూర్చుని రాస్తున్నాను. చెవి మాత్రం అక్కడే. నీళ్ల చప్పుడు. వాళ్ల భాషలో ఏదో కూనిరాగం... ఆగింది. పాప ఏడుస్తోంది. ఏడుస్తోందంటే పాప బాగానే ఉంది. ఆ ఏడుపు వినపడుతున్నంతసేపు లేవను.